దానిమ్మ తొక్కల మునిలక్ష్మమ్మ

బళేపేట వెనకసందులో మునిలక్ష్మమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా ఒకటే గుర్తు చెప్పేవారు. ఏ అరుగు మీద దానిమ్మ తొక్కలు ఎండుతుంటాయో అదే ఆమె ఇల్లు. ఆ తొక్కలు ఆమె తిన్న పండ్లవి కావు. గాజుల అంగళ్ళ యజమానుల ఇళ్ళలో ఆమె అంట్లు తోమేది. ఆ ఇళ్ళలో బాలింత ఉన్నా, జ్వరం నుంచి లేచినవాళ్ళున్నా మధుగిరి దానిమ్మలు బుట్టలతో దిగేవి. రక్తం పడుతుందని గింజలు వాళ్ళు తినేవారు. సీమంతంలో ఒడి నింపడానికి అదే పండు, శుక్రవారం అమ్మవారి ముందు పెట్టడానికీ అదే. అమ్మవారి మేనిఛాయ దానిమ్మపువ్వు రంగని పూజారులు చెప్పేవారు. అంత మర్యాద ఉన్న పండులో లోపలిది ఒకరికి, పైది ఇంకొకరికి. ఈ పంపకం ఎవరు చేశారని మునిలక్ష్మమ్మ ఏనాడూ అడగలేదు. తొక్కలు కొంగున మూటగట్టుకుని వచ్చేది.

ఆమె అత్తగారి కాలంలో ఆ తొక్కలతో పట్టునూలుకు రంగు వేసేవారు. పటికనీళ్ళలో నానిన నూలును తొక్కలతో ఉడికిస్తే పసుపు పట్టేది. ఇనుపముక్కలు ఊరిన నీళ్ళు తగిలితే అదే నూలు నల్లబడేది. డబ్బాల్లో సీమరంగులు వచ్చాక ఆ ఇంటి కాగులు బోర్లాపడ్డాయి. భర్త అశ్వత్థప్ప మిల్లు కూలికి పోయి, దూది దగ్గుతో పోయాడు. తొక్క మాత్రం ఇంట్లో మందుగా మిగిలింది.

ఆ మందు అవసరం సందుకు ఏటా పడేది. సందంతటికీ నల్లి, అంటే కొళాయి, ఒకటే. దాని గొట్టం మురుగు మోరీ అడుగున పాతారు. గొట్టానికి ఎక్కడెక్కడ చిల్లులున్నాయో ఎవరికీ తెలియదు కానీ, తొలకరికి మోరీ పొంగితే నల్లిలోంచి టీ రంగు నీళ్ళు దూకేవి. వారం తిరక్కుండా పిల్లలకు వాంతులు, విరేచనాలు. అర్జీలు పెట్టారు. అవి ఏ బల్ల సొరుగులో పడుకున్నాయో తెలియదు.

అందుకే తల్లులు మునిలక్ష్మమ్మ గడప తొక్కేవారు. ఎండిన తొక్క దంచి, చెంబెడు నీళ్ళు పావు చెంబయ్యేదాకా కాచి, మజ్జిగలో కలిపి చెంచాతో పోసేది. చాలామందికి విరేచనం కట్టేది. అందులో మోసమేమీ లేదు, తొక్కలోని వగరుకు ఆ గుణం ఉంది. దాంతోపాటు అత్తగారు నేర్పిన పథ్యమూ చెప్పేది. పొద్దు వాలేదాకా బిడ్డకు నీళ్ళివ్వొద్దు, తాగితే మళ్ళీ జారుతుంది.

యాభై ఎనిమిది జూన్‌లో పక్కింటి సరోజమ్మ తన రెండున్నరేళ్ళ కూతురు పద్మావతిని ఎత్తుకొచ్చింది. బిడ్డ పొద్దుటినుంచి పది తూర్లు పోయింది. మునిలక్ష్మమ్మ కషాయం పోసింది. మధ్యాహ్నానికి కట్టింది.

"అక్కా, బిడ్డను కాసేపు ఒళ్ళో పెట్టుకో," అంది సరోజమ్మ. "నల్లి వదిలినారు. నా బిందె వరుసలో ఉండాది. నేను పోకపోతే ఆ కదిరప్ప పెండ్లాం కాలితో తోసేస్తాది."

"పోయి రా. నీ బిందెకు నువ్వు కాపలా, నీ బిడ్డకు నేను."

వరుస కదలడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో బిడ్డ, "అవ్వా, నీల్లు," అంది. మునిలక్ష్మమ్మ జుట్టు నిమిరి, "పొద్దు వాలనీ తల్లీ," అంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పింది. కుండ మూలనే ఉంది. చివరికి బిడ్డ అడగడం మానింది. కుదుటపడి నిద్రపోతోందని మునిలక్ష్మమ్మ అనుకుంది. సరోజమ్మ నిండు బిందె చంకనేసుకుని వచ్చేసరికి బిడ్డ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. జట్కా పిలిపించేలోగా ఒళ్ళు చల్లబడింది.

సరోజమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళతో, "అక్క ఒళ్ళో ఉండినాది కాబట్టి కష్టం తెలీకుండా పోయినాది," అనేది. గోడకు అవతల ఆ మాట విన్నప్పుడల్లా మునిలక్ష్మమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

రెండు వారాలకు నర్సు హన్నా వచ్చింది. ఒంగోలు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి. సందులో ఈ ఏడు పోయిన పిల్లల పేర్లు రాసుకుంటోంది. అరుగు మీది తొక్కను చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇది మంచిదేనమ్మా. మావైపూ వాడతాం. పూర్వం పెద్ద యాజకుడి అంగీ అంచుకు దానిమ్మకాయలు కుట్టించారని మా గుళ్ళో చదువుతారు. కానీ విరేచనంలో పోయేది ఒంట్లో నీరేగా? పోయిన నీరు మళ్ళీ పోయకపోతే బిడ్డ ఎండిపోతుంది. కాచిన నీళ్ళు, ఉప్పేసిన గంజి తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకురావాలి. నీళ్ళు మానిపించేవాళ్ళు ఈ ఊళ్ళో వందమంది ఉన్నారు." పేర్ల కాగితం తిప్పి అడిగింది. "ఆ పద్మావతి నీళ్ళు అడిగిందా?"

"లేదు," అంది మునిలక్ష్మమ్మ.

హన్నా ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. మునిలక్ష్మమ్మ అరుగు మీది తొక్కలు ఎత్తి లోపల పెట్టింది. బిడ్డ అడిగిందని తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. చెప్తే సరోజమ్మ మొహం ఎలా చూడాలి? మొగుడూ పిల్లలూ లేని అంట్లమనిషికి సందులో ఉన్నదల్లా ఆ మందు పేరే. అది పోతే ఇక మిగిలేదేమిటి? చెప్పకపోతే మాత్రం ఆ పథ్యం తన పేరు మీద ఇంటింటా నడుస్తూనే ఉంటుంది.

ఆగస్టు పదిహేనున సందు మొగలో జెండా కట్టారు. వార్డు మెంబరు వెంకటగిరియప్ప వచ్చి మునిలక్ష్మమ్మను ముందుకు పిలిపించాడు.

"మన సందులో ఇంత పెద్ద డాక్టరమ్మ ఉండాది," అన్నాడు నవ్వుతూ. "నీళ్ళ ఆఫీసులో నేనే చెప్పినా. మావాళ్ళు గట్టోళ్ళప్పా, దాళింబె తొక్కతోనే కాలరాను తరుముతారు, గొట్టం పని వచ్చే ఏడు చూద్దురు గాని, అని."

జనం నవ్వారు. అతను ఒక తట్ట ఆమె చేతుల్లో పెట్టాడు. నిండా మధుగిరి దానిమ్మలు. పగలని పండ్లు, అన్నీ ఆమెవే.

"ఇవి నాకొద్దు సామీ," అంది మునిలక్ష్మమ్మ. తట్ట కింద పెట్టి జనంలో సరోజమ్మ కోసం వెతికింది. "సరోజా, ఆ పొద్దు నీ బిడ్డ నీళ్ళడిగినాది. నేను ఇయ్యలేదు. ఇయ్యకూడదని మా అత్త చెప్పినాదని ఇయ్యలేదు. తాపింటే బతికిండునేమో. నర్సమ్మ అడిగితే అబద్ధం చెప్పినా."

"పెద్దామె ఏదో బేజారులో మాట్లాడుతుండాది, కూర్చోబెట్టండప్పా," అన్నాడు మెంబరు.

"బేజారు కాదు సామీ. తొక్క కడుపును కడతాది, నల్లిని కట్టదు. మోరీ నీళ్ళు తాపించి, తొక్క ఉండాది కదా అని మీరు సుమ్మనే కూర్చుంటే ఎట్ల? మీ ఇంట్లో బిడ్డలకు ఏ నీళ్ళు తాపిస్తారు?"

సరోజమ్మ జనాన్ని తోసుకుని వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"ఎన్ని తూర్లు అడిగినాది?"

"నాలుగు తూర్లు. కడా తూరి నోరు రాలేదు. కుండ దిక్కు చెయ్యి చూపించినాది."

సరోజమ్మ ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మర్నాటి నుంచి మునిలక్ష్మమ్మ గడప ఎవరూ తొక్కలేదు. బిడ్డను చంపిన చెయ్యి అని కదిరప్ప భార్య నల్లి దగ్గర అందరూ వినేలా అన్నది. కానీ అదే కదిరప్ప భార్య తర్వాతి సోమవారం పదిహేనుమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, ఖాళీ బిందెలతో నీళ్ళ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. గొట్టం మార్చడానికి అలాంటి సోమవారాలు మూడేళ్ళు పట్టాయి. ఆ మూడేళ్ళలో సందులో ఇంకా ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళ పేర్లు కూడా హన్నా రాసుకుంది. ఆ లెక్కకు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు.

ఏ ఇంట్లో బిడ్డకు జబ్బని విన్నా మునిలక్ష్మమ్మ పిలవకుండానే పోయేది. గడప బయట నిలబడి, "నీళ్ళు కాచి తాపించండి, ఉప్పేసి గంజి తాపించండి, ఆసుపత్రికి పోండి," అనేది. కొందరు వినేవారు. కొందరు పొమ్మనేవారు.

అరవై జులైలో సరోజమ్మ కొడుక్కి అదే జబ్బు వచ్చింది. పద్మావతి తర్వాత పుట్టినవాడు, ఏడాది నిండలేదు. ఆ ఒక్క గడపకు మునిలక్ష్మమ్మ వెళ్ళలేదు. అరుగు మీదే నిలబడింది. కాసేపటికి జట్కా వచ్చి ఆగింది. సరోజమ్మ బిడ్డను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఇటు చూడలేదు. జట్కా ఎక్కి కూర్చుని, ఒళ్ళోకి మార్చుకుని, ఇత్తడి గ్లాసులోని గంజి చెంచాతో వాడి నోట్లో పోసింది. వాడు మింగాడు. బండి కదిలింది, ఆమె ఇంకో చెంచా పోసింది.