ఆకులో మిగిల్చిన ముక్క

మొన్న ఆదివారం బెడోక్‌లో మా మనవరాలి ఫ్లాట్‌లో భోజనాలు చేస్తుంటే, దాని మొగుడు పళ్ళెంలో ఒక చేప ముక్క వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అది ఫోన్ చూసుకుంటూనే చెయ్యి చాచి ఆ ముక్క తీసి నోట్లో వేసుకుంది. "వేస్ట్ చెయ్యొద్దు లా," అంది ఇక్కడివాళ్ళ యాసలో, అంతే. వాళ్ళకది గుర్తుపెట్టుకోవలసిన సంగతే కాదు. తొంభైకి దగ్గరపడ్డ నాకు మాత్రం అది చూసి ఓర్వబుద్ధి కాలేదు. కుళ్ళు అంటే కుళ్ళే, ఈ వయసులో దానికి వేరే పేరు పెట్టుకోవడం దేనికి.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మన అమ్మలందరూ నాన్నలు తిని లేచిన ఆకులోనే వడ్డించుకుని తినేవారు. మా నాన్న తిన్నాక ఆకు మడవకుండా లేచేవాడు, ఆకు కొసన ఎప్పుడూ ఒక వేయించిన చేప ముక్క అమ్మ కోసం విడిచిపెట్టేవాడు. మేముండేది ఒక గొప్పింటి పెరటి గదుల్లో. ఆ ఇంటి అయ్యగారి గోడౌన్‌లో నాన్న మేస్త్రీ. అమ్మగారు మొదటి యుద్ధం రోజుల్లో, పదమూడేళ్ళ పెళ్ళికూతురుగా, విశాఖపట్నం వైపు నుంచి ఏడు పెట్టెల చీరలతో ఈ ద్వీపానికి వచ్చిందట, ఎక్కి వచ్చిన ఓడ కూడా వాళ్ళ నాన్నదేనట. ఆ చీరలు ఎండలో ఆరేసిన రోజున నాకు అన్నం సయించేది కాదు, నా కుళ్ళు అప్పుడే మొదలైందనుకుంటాను. అయ్యగారికి మాత్రం కటోంగ్‌లో సముద్రం ఒడ్డున మరో ఇల్లు, ఆ ఇంట్లో మరో మనిషి ఉండేవారు. ఊరంతటికీ తెలిసిన సంగతే. అయినా అమ్మగారు రోజూ మధ్యాహ్నం ఆయనకు ఆకు వేయించి, పక్కన నీళ్ళ చెంబు పెట్టించి, గేటు వైపు చూస్తూ కూచునేది. రెండు దాటాక ఆ ఖాళీ ఆకును తనే మడిచేసి, తనకు వేరే ఆకు వేయించుకునేది.

మా అమ్మ నాన్న ఆకు పట్టుకుని పెరటి అరుగు మీద కూచుని తినేది, అమ్మగారు మేడ కిటికీలోంచి చూసేది. ఒకనాడు వంటావిడ చేత కబురు వచ్చింది, కాకులు చేరుతున్నాయి, ఇకమీదట అరుగు మీద తినొద్దని. కాకులు ఎప్పుడూ ఉన్నవే. అమ్మ లోపలికి మారింది గానీ, తినేటప్పుడు తలుపు మాత్రం బార్లా తెరిచి పెట్టేది. మా అమ్మ కూడా తక్కువదేం కాదు.

తరవాత జపాన్‌వాళ్ళు వచ్చారు. కటోంగ్ ఆవిడ మలాకాలో పుట్టింటికి వెళ్ళిపోయింది, అయ్యగారి కారును సైన్యం పట్టుకుపోయింది, క్లబ్బులు మూతపడ్డాయి, ఇక పోవడానికి చోటు లేక ఆయన ఇంటిపట్టున పడ్డారు. ఆ మరుసటేడు మా నాన్నను జపాన్‌వాళ్ళు సయాంలో వేస్తున్న రైలు దారి పనికి లారీ ఎక్కించి తీసుకుపోయారు. బియ్యం దొరక్క గొప్పవాళ్ళూ మేమూ ఒకటే ఉడకబెట్టిన కర్రపెండలం తిన్న రోజులవి, ఊళ్ళో అందరి మొహాలూ పీక్కుపోతుంటే అమ్మగారి మొహం ఒక్కటే కళకళలాడేది. అయ్యగారు సగం తిని లేచిన ఆకు పట్టుకుని మేడ దిగి వచ్చి, కాకులు చేరే ఆ అరుగు మీదే కూచుని, మాకు కనిపించేట్టు నెమ్మదిగా తినేది. ఈసారి తలుపు మూసుకున్నది మా అమ్మ.

యుద్ధం ముగిశాక, సయాం నుంచి మనుషులు వస్తున్నారన్న ప్రతిసారీ అమ్మ రైలు స్టేషన్‌కి వెళ్ళేది. చివరికి నాన్నతో లారీలో పోయినాయన ఒకరు ఇంటికే వచ్చి, ఇక ఎదురుచూడొద్దని చెప్పి వెళ్ళాడు. ఆ నెలలోనే కటోంగ్ ఇంటి కిటికీలు మళ్ళీ తెరుచుకున్నాయి, అయ్యగారు మధ్యాహ్నాలు భోజనానికి రావడం మానేశారు. ఒకరోజు అమ్మగారు అరుగు మీదికి వచ్చి కూచుని, బొట్టు లేని మా అమ్మ మొహం చూస్తూ కూడా, "యుద్ధం ఇంకో ఏడాదుంటే బాగుండునే," అంది.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "అయ్యగారు మీకని విడవలేదమ్మగారూ. ఆ దుంప మింగుడుపడక వదిలేశారు," అంది.

"తెలుసు," అందావిడ. "తెలిసే తిన్నాను."

ఆ మాట అన్నందుకు అమ్మ పోయేదాకా బాధపడింది, కానీ యుద్ధం గురించి ఆవిడ అన్న మాటను క్షమించానని కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ ఇల్లు కొట్టేసి ఎన్నాళ్ళయిందో, అక్కడ ఇప్పుడు ఫ్లాట్లు. ఆకులూ పోయాయి, ఒకరు తినేదాకా మరొకరు కనిపెట్టుకుని కూచోవడమూ పోయింది, పోవడం మంచిదే, నా కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసినప్పుడు మొగుడి ఆకులో తినే అలవాటు వద్దని చెప్పి పంపినదాన్ని నేనే. మా ఆయనా మంచివారే. నలభై ఆరేళ్ళ కాపురంలో నన్నొక పరుషమైన మాట అనలేదు, మరో ఇంటి గడప తొక్కలేదు. నా పక్కనే కూచుని తినేవారు, తిన్న పళ్ళెం తనే కడుక్కునేవారు. ఆ పళ్ళెంలో ఏనాడూ ఏమీ మిగిలి ఉండేది కాదు.