యశోదక్క ఒప్పుకున్న కోత

మా తోడికోడలు యశోదమ్మ కరువు సీమలో పుట్టిన లావు మనిషి. ఆ రెండు మాటలూ ఒకచోట ఇమడవని మా పల్లెలో అందరి నమ్మకం.

నల్లమాడ పక్కన మా ఊరు. రాయి ఎక్కువ, వాన తక్కువ. మనుషులకైనా గొడ్లకైనా ఎముకల మీద తోలు తప్ప వేరే సంపద ఉండేది కాదు. అలాంటి చోట యశోదక్క వీధిలోకి వస్తే కొత్తవాళ్ళు నిలబడి చూసేవారు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా జొన్న దంటులా ఉండేదట. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు రావడం మొదలై మళ్ళీ ఆగలేదు. నేను చిన్నకోడలిగా ఆ ఇంట అడుగుపెట్టేనాటికి ఆమె నేల మీద కూర్చోవడం మానేసింది. కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి.

వంట మా ఇద్దరిదే కాబట్టి ఆమె ఏం తినేదో నాకు తెలుసు. ఆమె సంగటి ముద్ద నా ముద్ద కంటే చిన్నది. ఈ మాట చెబితే మా అత్తతో సహా ఎవరూ నమ్మేవారు కాదు. మా బావ ఓబులేసు ఒకసారి అక్కను అనంతపురం తీసుకుపోయి ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన ఆమెను ముట్టుకోలేదు. "నోరు కట్టుకో" అని పంపేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె డాక్టరు పేరెత్తలేదు.

పందొమ్మిది వందల అరవై ఐదులో వాన పూర్తిగా మొహం చాటేసింది. మరుసటి ఏడు బడి దగ్గర గంజి కేంద్రం పెట్టారు. అంత మందికి రాగి గంజి కాచడం చేతనైన మనిషి అక్కే. బల్ల మీద కూర్చుని గరిటె పట్టేది. ఒకరోజు వరుసలో నిలబడిన ఒకామె అందరికీ వినబడేలా అంది:

"ఈయమ్మ కడుపులో పడినాక మిగిలిందే గదా మనకు!"

కొందరు నవ్వారు. అక్క తల ఎత్తలేదు. గరిటె ఆపలేదు. ఆ మాట అన్న మనిషి గిన్నెలోనూ నిండుగా పోసింది. వరుసలో చివరి మనిషి పోయేదాకా పోసి, ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆ రోజు నుంచి ఆమె ముద్ద ఇంకా చిన్నదైంది. ఒళ్ళు మాత్రం తగ్గలేదు. కొన్నాళ్ళకు ఆయాసం పట్టుకుని పెదాలు నల్లబడ్డాయి. ఎద్దుల బండిలో వేసుకుని కదిరికి పోయాం.

కదిరిలో వెంకటేశులు డాక్టరు. పాతకాలపు చిన్న చదువు డాక్టరే. జ్వరాలకూ కాన్పులకూ తేలుకాటుకూ అందరికీ ఆయనే దిక్కు. అక్కను చూడగానే చేతుల కుర్చీ పక్కకు లాగేసి, తన ఇంట్లో నుంచి వెడల్పాటి బెంచీ తెప్పించాడు. ముందు ఆయాసానికి సూదిమందు వేశాడు. అది తగ్గాక అడిగాడు:

"యశోదమ్మా, నీ ఒంటితో నీకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది యాది?"

ఏం తింటావని అడుగుతాడనుకుంది అక్క. ఆయన వైపు తిరిగి చెప్పింది:

"వెల్లకిలా పండుకోని నిద్రపోయి శానా ఏండ్లాయ సామీ. పండుకుంటే ఊపిరి నిలబడిపోతాది. గోడకు ఆనుకోనే తెల్లారుస్తా."

మేం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ సంగతి నాకే తెలియదు.

ఆమె బరువు తూచగల కాటా కదిరి మొత్తంలో శెనక్కాయల మండీలో ఒక్కటే ఉంది. అక్కడ తూస్తే ఊరంతా వింత చూస్తుంది. "నువ్వు సరేనంటేనే తూస్తా. వద్దంటే వద్దు" అన్నాడు డాక్టరు. మండీ సెలవు రోజున తాళాలు అడిగి తెచ్చి, తలుపులు లోపల గడియ పెట్టి, తనే తూచాడు. మూడు బస్తాల కాయలకు పైమాటే, అంటే నూట ఇరవై కిలోలు దాటింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం గానీ ఎగతాళి గానీ లేదు. జ్వరం ఎంతుందో చూసినంత మామూలుగా చూశాడు.

ఆ ఏడాది ఆయన చెప్పినవన్నీ అక్క చేసింది. రక్తపోటుకు మందు, ఉప్పు తగ్గింపు, పొద్దున్నే కళ్ళం దాకా నడక. కొంత తగ్గింది. తగ్గినంతా ఆరు నెలల్లో తిరిగి వచ్చింది. అక్క తప్పు చేసినదానిలా ఆయన ముందు తల దించుకుంది.

"తల ఎత్తమ్మా. ఇది నీ తప్పు గాదు. కొన్ని ఒళ్ళు కరువును మరిచిపోవంట. ఒక్క గింజ వచ్చినా పాతరలో దాస్తాయంట. ఇట్ల అనుకునే డాక్టర్లు ఉండారు. నిజమో కాదో ఇంకా ఎవరికీ తెలీదు. నాకైతే నిన్ను చూస్తే నిజమే అనిపిస్తాది."

ఎన్నో కరువులు దాటిన మా పూర్వీకులు ఆ ఒంట్లో గింజలు దాస్తూ కూర్చున్నట్టు నాకు తోచింది.

అప్పుడు అక్కే అడిగింది. "కోసి తీసేయలేరా సామీ, దీన్ని?"

"కొవ్వును కోసి తీసేది కాదు గానీ, పేగును పొట్టి చేసే ఆపరేషను ఒకటి అమెరికాలో చేస్తాండారని విన్యా. నాకు సరిగా తెలీదు. తెలుసుకోకుండా చెప్పను."

ఆయన మద్రాసు పోయాడు. అక్కడ విదేశాల్లో చదివి వచ్చిన ఒక సర్జన్‌తో మాట్లాడి వచ్చి, మమ్మల్ని పిలిపించాడు. బావి చేదతాడు తెచ్చి నేల మీద మెలికలు మెలికలుగా పరిచాడు.

"ఇది సన్నపేగు అనుకో. తిన్నది ఈ మెలికలన్నీ తిరిగితేనే ఒంటికి పడతాది. ఈ మొదలును తీసకపోయి ఆ కొసకు కలుపుతారు. నడుమ చుట్టంతా పక్కన ఊరికే ఉంటాది. తిన్నది శానా భాగం ఒంటికి పట్టకుండా పోతాది."

"ఆ ఊరికే ఉండేది పారేస్తారా?" అడిగాడు మా బావ.

"లేదు ఓబులేసూ. కావాలంటే మళ్ళా కలపొచ్చు. గానీ అదీ ఇంకొక కోతే." ఆయన అక్క వైపు తిరిగాడు. "ఇప్పుడు చెడ్డ సంగతులు విను. మత్తు ఇచ్చినప్పుడే ప్రాణం పోవచ్చు. గాయం చీము పట్టొచ్చు. బతికితే విరేచనాలు, అవి ఎన్నాళ్ళో చెప్పలేను. కాలేయం చెడిపోయినోళ్ళూ ఉండారు. బతికినన్నాళ్ళూ డాక్టరు కండ్ల ముందర ఉండల్ల. చేయించుకున్నోళ్ళు ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే."

"చేయించుకోకపోతే?" అడిగింది అక్క.

"గుండె అలిసిపోతాంది. అదీ దాచను."

"మీ ఇంటి ఆడమనిషయితే ఏం చెప్తారు?"

"ఇదే చెప్తా. ఇదే తాడు పరుస్తా. ఎంచుకునేది ఆమె. చేయించుకున్నా చేయించుకోకున్నా నీ డాక్టరును నేనే. తొందర లేదు, వానలు వచ్చిపోయేదాకా ఆలోచించుకో."

ఇంటికి వచ్చాక మా అత్త ఏడ్చింది, దేవుడిచ్చిన పేగును మనిషి పొట్టి చేయడమేమిటని. మా బావ ఒకటే మాట అన్నాడు. "నువ్వు ఇట్లున్నా నాకేం బాధ లేదు యశోదా. నేను చూసుకుంటా." ఆ మాట విని అక్క బండెడు దుఃఖం దిగినట్టు ఏడ్చింది. అయినా వెంటనే ఏమీ చెప్పలేదు. ఆ ఏడు వానలు పడ్డాయి. శెనక్కాయ చెట్లు పీకి కుప్ప వేశాం. కాయలు రాల్చిన రోజు పొద్దున ఆమె నాతో అంది:

"పోదాం. చస్తే తెలిసే చస్తా. ఎవురో తిట్టినారని గాదు, నాకే ఊపిరి కావల్ల."

పోయేముందు మూడు నెలలు డాక్టరు ఆమెను తయారుచేశాడు. ఊపిరితిత్తులు గట్టిపడాలని పిల్లలాడుకునే బుడగలు ఊదించాడు. మా ఇంట్లో ఎక్కడ చూసినా ఎర్రవీ పచ్చవీ బుడగలు దొర్లేవి. వాటిని చూసి మొదట నవ్వింది మా అత్తే.

కదిరిలో రైలెక్కి పాకాల మీదుగా మద్రాసు చేరాం. అక్క, బావ, నేను, మాతో పాటు డాక్టరు. ఆస్పత్రిలో అక్క మంచం చుట్టూ సర్జన్, ఆయన శిష్యులు చేరి ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. అక్క దుప్పటి గట్టిగా పట్టుకుంది. వెంకటేశులు డాక్టరు చేతులు కట్టుకుని, గొంతు పెంచకుండా అన్నాడు: "అయ్యా, ఆమెకు తెలుగులో చెప్పి, ఆమె సరేనన్నాకే ఒళ్ళు చూడండి." సర్జన్ మంచి మనిషి. వెంటనే శిష్యులను బయటకు పంపబోయాడు.

అక్క ఆపింది. "ఉండనీ సామీ. రేపు నా మాదిరోళ్ళు వస్తే ఈ బిడ్డలకు తెలియొద్దా?" అని తనే దుప్పటి తీసింది. ఆ పిల్లల్లో ఒకరిద్దరు తెలియకుండానే చేతులు జోడించారు.

ఆపరేషను రోజు పొద్దున డాక్టరు మళ్ళీ అడిగాడు. "ఇప్పుడు వద్దన్నా రైలెక్కి పోదాం తల్లీ. ఎవురికీ జవాబు చెప్పే పని లేదు."

"మీరు లోపలికొచ్చి నా పక్కన నిలబడుకోండి. అంతే" అంది అక్క.

మేం బయట కూర్చున్నాం. మా బావ పంచె కొంగు నములుతూనే ఉన్నాడు. ఎంతసేపటికో వెంకటేశులు డాక్టరు బయటకు వచ్చాడు. బతికి ఉందని చేత్తో చెప్పాడు. తర్వాత మా పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"ఇన్నేండ్ల నుంచి వైద్యం చేస్తాండా. ఈ పొద్దు చూసినట్లాంటి వింత ఎప్పుడూ చూల్లేదమ్మా. ఆయమ్మకు మత్తులో ఏమీ తెలీదు. లోపల పేగులు మాత్రం తడితడిగా, గులాబీ రంగుతో, ఏటి నీళ్ళు పారినట్ల తమంతట తాము కదల్తానే ఉండాయి. ఎవురు చెప్పినారు వాటికి? కరువులో, ఏడుపులో, నిద్రలో, ఒక్క పూట ఆగకుండా..."

నేను నా కడుపు మీద చెయ్యి వేసుకున్నాను.

తర్వాతి ఏడాది సుఖంగా గడిచిందని చెబితే అబద్ధం. తిన్నది తిన్నట్టే పోయేది. జుట్టు పిడికిళ్ళతో ఊడింది. ఒకసారి వేళ్ళు కొంకర్లు పోయి కళ్ళు తేలేసింది. డాక్టరు నల్లమాడ బస్సు దిగి, ఎండలో మా ఊరికి నడిచి వచ్చి, నరానికి సూదిమందు ఎక్కించాడు. కొంకర్లు విడిపోయాక అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల గాదు సామీ. మళ్ళా కలిపించు."

"నీ మాటే నా మాట. రవ్వంత కోలుకుంటానే మద్రాసు పోదాం" అన్నాడు. ఓర్చుకో అని గానీ ఇంత కష్టపడింది వృథా అని గానీ అనలేదు. ఆపై కొన్ని వారాలు అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు, మజ్జిగ, కాల్షియం మాత్రలు, కొంచెం కొంచెంగా తిండి. ఒంట్లో సత్తువ చేరింది. అక్క మద్రాసు మాట తనే వాయిదా వేసింది. తర్వాత ఎత్తలేదు.

ఒళ్ళు తగ్గుతూ వచ్చింది. చేతుల కింద తోలు జోలెలా వేలాడింది. ఊళ్ళో వాళ్ళు ఇప్పుడు "ఏం రోగమో, ఎండిపోయినాది" అన్నారు. అక్క ఒకరోజు అద్దం ముందు నిలబడి, "నేను యాడికి పోయినానే?" అని నన్ను అడిగింది. డాక్టరుకు చెబితే ఆయన నవ్వలేదు. "కొత్త ఒళ్ళు కొత్త ఊరు మాదిరి. అలవాటయ్యేదాకా దారి తప్పుతాం" అన్నాడు.

ఆమె మొదటిసారి మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయిన మధ్యాహ్నం మా బావ ఎండలో వాకిట్లో కాపలా కూర్చున్నాడు. కోడి అరిచినా తరిమాడు.

అరవై తొమ్మిదిలో రాయదుర్గం నుంచి బట్టల వర్తకుడు ఒకాయన వచ్చాడు. పేరు బయ్యన్న, మా అక్క ఒకప్పుడున్నంత లావు. వెంకటేశులు డాక్టరే పంపాడు, చేయించుకున్న మనిషిని కళ్ళారా చూసి అడిగి తెలుసుకోమని. అక్క ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి ఏదీ దాచకుండా చెప్పింది. విరేచనాలు, ఊడిన జుట్టు, కొంకర్లు, నిద్ర, అన్నీ. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"నాకు ధైర్యం చాలదమ్మా. నేను చేయించుకోను."

"అయితే వద్దులే అన్నా. ఆ మాటే పోయి డాక్టరుకు చెప్పు. ఏమీ అనడు."

ఆయన కదిరికి పోయి చెప్పాడు. ఆ పైన ప్రతి నెలా ఆయన రాయదుర్గం నుంచి కదిరికి వస్తూనే ఉన్నాడనీ, డాక్టరు ఆయన రక్తపోటు చూసి, మందిచ్చి, నడకకు తోడుగా బజారు చివరిదాకా పోయేవాడనీ మాకు తెలిసింది. ఒప్పుకున్న మనిషికి ఎంత మర్యాదో వద్దన్న మనిషికీ అంతే.

"సూసినావా, అట్లాంటి మహానుభావుడు మన కదిరిలో ఉండాడు" అంది అక్క. అంటూనే చెంబు తీసుకుని పెరటి వైపు పరుగెత్తింది. ఆ విరేచనాల బాధ ఆమెకు ఎప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆమె పరుగెత్తడం నేను చూసింది అదే మొదలు. నా చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది.