ముక్కల బుట్ట

రెజిమెంటల్ బజార్‌లోని మా టైలరు షాపులో బట్ట ముక్క పారేసినవాడికి ఆ పూట తిట్లే. కోటు కుట్టగా మిగిలిన బెత్తెడు ముక్క కూడా బల్ల కింది బుట్టలోకి వెళ్లేది. ఏళ్ల తర్వాత మోచేయి చిరిగిందని ఎవరైనా వస్తే, మా మాస్టర్ సాబ్ ఆ బుట్టలో చెయ్యి పెట్టి అదే రంగు ముక్క తీసి అతుకు వేసేవారు.

నాకు చదువు చెప్పింది కూడా ఆ షాపే. కటింగ్ నమూనాల కోసం తెచ్చిన పాత దినపత్రికల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అందుకే కొలతల పుస్తకం నా చేతికొచ్చింది. మాస్టర్ సాబ్ టేపు పట్టి చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. అంగుళాలే కాదు, ఆయన గొణిగినవన్నీ.

"ఎడమ భుజం జెర కిందికుంది. సంచి మోసి మోసి గట్లయింది. అడగకు, షరమ్ పడ్తడు."

"పొట్ట పెరిగింది. చెప్పకు. లోపల రెండంగుళాలు ఇడిచిపెట్టు."

యూనిఫారాల ఆర్డర్లు పెరిగాక లోపలి గదిలో కంప్యూటర్లు పెట్టారు. నేర్పే మనిషిని మాత్రం పెట్టలేదు! నేనే నేర్చుకున్నాను. కొలతల పుస్తకాలన్నీ ఒక్క వేలితో ఎక్కించాను. ఎక్కించడం అయిందో లేదో, యజమాని ఆ పుస్తకాలను పాత కాగితాలవాడికి ఇచ్చేశాడు. అడిగితే, "అన్నీ కంప్యూటర్ల ఉన్నయ్ కదా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెర మూలన ఒక బుట్ట బొమ్మ కనిపించింది. బుట్ట ఎందుకుంటుందో నాకొకరు చెప్పాలా? ఇక షాపుకు రానివాళ్ల కొలతలన్నీ అందులో వేస్తూ వచ్చాను. మూడేళ్ల కిందట మాస్టర్ సాబ్ పోయారు. ఒక రంజాన్‌కు షేర్వానీ కోసం నేను తీసిన ఆయన కొలత కూడా అందులోనే వేశాను.

మొన్న వానాకాలంలో కంప్యూటర్ మొరాయించింది. సైనిక్‌పురిలో ఒక ఆఫీసు ఉందట, అక్కడ కూర్చునే మన కంప్యూటర్ని బాగుచేస్తారట. ఫోన్‌లో ఒకమ్మాయి తెర మీది అంకెలు చెప్పమంది, చెప్పాను. ఒప్పుకున్నట్టు నొక్కమంది, నొక్కాను. అంతే, బాణం తనంతట తానే నడవసాగింది. మా షాపులో యజమాని కూడా మాస్టర్ కత్తెరను అడక్కుండా ముట్టేవాడు కాదు. ఇదేం పద్ధతి?

బాణం వెళ్లి బుట్ట మీద ఆగింది.

"తాతా, గిది ఎన్నడు ఖాళీ చెయ్యలేదా? మస్తు చెత్త ఉంది. తీసేస్తున్న."

"చెత్తనా? ముట్టకు!"

మౌస్ పట్టి గుంజాను. ఆమె అటు, నేను ఇటు. శాశ్వతంగా తీసేయాలా అని తెర అడుగుతోంది. బాణం 'అవును' మీద ఊగుతోంది.

"తాతా, మౌస్ ఇడువున్రి!"

"నువ్వే ఇడువు! అండ్ల మా మాస్టర్ సాబ్ ఉన్నడు!"

బాణం ఆగిపోయింది. నేను దాన్ని 'వద్దు' మీదికి జరిపి నొక్కాను.

"బుట్టల మాస్టర్ సాబ్ ఉండుడేంది తాతా?" అంది, గొంతు తగ్గించి.

బల్ల కింది బుట్ట దగ్గర్నుంచి అంతా చెప్పాను. "ఒకటి బయటికి తీసి చూడనా?" అని అడిగింది. ఈసారి అడిగింది కాబట్టి సరేనన్నాను. పొట్ట పెరిగినాయన సంగతి చదివి పకపకా నవ్వింది.

"మా అబ్బాజాన్ సుత అంతే తాతా. టైలర్ టేపు తీస్తే చాలు, ఊపిరి బిగవట్టి నిలవడ్తడు."

ఆ బుట్ట పారేసేవాటి కోసమని, అందులోవి ఏ రోజైనా పోవచ్చని ఓపికగా చెప్పింది. పక్కన కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచి పేరు నన్నే పెట్టమంది. 'ముక్కల బుట్ట' అని కొట్టాను.

"ఇగ నేను చెయ్యి తీస్తున్న. మీరే లాగి వెయ్యున్రి."

అన్నీ ఒక్కసారే జరపొచ్చని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు తెలియదా? నేను ఒక్కొక్కటే లాగి వేస్తుంటే, ఫోన్ పెట్టేయకుండా, అన్నం వేళ దాటినా అలాగే కూర్చుంది. చివరిది మాస్టర్ సాబ్‌ది. లాగుతుంటే మధ్యలో పట్టు తప్పి జారిపోయింది. బాణం తనంతట తానే ఇంత కదిలి, మళ్లీ ఆగింది.

"మీరే తాతా. జల్దీ ఏం లేదు."

మళ్లీ పట్టుకున్నాను. ఈసారి వదలకుండా తెచ్చి అందులో వేశాను.