అక్కకు పెట్టిన జున్ను

కొన్నేళ్లుగా ఒక ముక్కను మోస్తున్నాను. అరచేతిలో పట్టేంత ముక్క. బరువు మాత్రం శ్రీశైలం డ్యాం గేటంత. నేను గోరంతది కొండంత చేసి చెప్తానని నంద్యాలలో అందరికీ తెలుసు. అందుకే ఇది అక్కడ ఎవరికీ చెప్పలేను. నవ్వేస్తారు. మీరు నన్నెరుగరు కాబట్టి మీకు చెప్తున్నాను.

మాది కిరాణా కొట్టు, నిత్యపూజ, గుడ్డు పేరెత్తని వంశం. నాకేమో నలభై దాటాక గుడ్డు మీద మోజు పుట్టింది. మా ఆవిడ ఒక చట్టం చేసింది. గుడ్డు వండే గిన్నె, గరిటె, చిన్న కరెంటు ఓవెన్ మేడ మీదే ఉండాలి, మెట్లు దిగకూడదు. దిగలేదు కూడా, ఆ ఒక్క రోజు తప్ప.

గిలక్కొట్టిన గుడ్లలో క్యాప్సికం, క్యారెట్టు, బీన్స్, మిరియాల పొడి, పైన గుప్పెడు చీజ్ తురుము. ఓవెన్లో అది ఎంత ఉబ్బిందంటే, కాసేపు వదిలేస్తే మా మేడకు ఇంకో అంతస్తు లేచేది. అంతలో నల్లమల మబ్బులన్నీ నా నెత్తినే కురిశాయి. ఆవిడ ఊళ్లో లేదు. వేడి గిన్నెను కింద వంటింట్లోకి తెచ్చేశాను. ముక్కలు కోస్తుండగా, తడిసిన కొంగు పిండుకుంటూ ఆళ్లగడ్డ నుంచి మా అక్క వచ్చి నిలబడింది.

అక్క బయట మంచినీళ్లు కూడా ముట్టదు. ఆళ్లగడ్డలో అమ్మవారి నైవేద్యం ఆమె చేతి వంటే. ఆమె నమ్మే పరాయి వంటిల్లు ఒక్కటే, మాది.

"ఏందిరా ఇది, జున్నా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది.

"జున్నే అక్కా."

"క్యారెట్టు ఏంటికిరా జున్నులోకి?"

"ఇప్పుడు అందరూ అట్లనే చేస్తాండారు."

"చానా బాగుండాది. పుట్టి బుద్ధెరిగినాక ఒక పని సరిగ్గా చేసినావు. ఇంకో ముక్క ఎయ్యి."

వాసన తెలియలేదా అంటారా? తెలియాలంటే జీవితంలో ఒక్కసారైనా గుడ్డు దగ్గరికి పోయి ఉండాలి కదా.

మొదటి ముక్క పొరపాటు. రెండోది? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. భయపడ్డానా? భయమే అయితే గిన్నె కింద పడేసినా సరిపోయేది. చిన్నప్పటి నుంచి నన్ను తిట్టడమే తెలిసిన మనిషి ఆ పూట నన్ను మెచ్చుకుంది, ఆ మెచ్చుకోలు ఇంకొక్క నిమిషం ఉండాలని, నా చేత్తోనే, పెద్ద ముక్క ఏరి మరీ వేశాను. మర్నాడు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి అమ్మవారికి పులిహోర వండింది.

అంతటితో ఆగి ఉంటే పాపాన్ని దేవుడికీ నాకూ మధ్య పెట్టుకునేవాణ్ణి. ఆగలేదు.

తర్వాత అక్క కొడుక్కి పెళ్లయింది. కొత్త కోడలు బస్టాండు దగ్గర బేకరీలో గుడ్డు పఫ్ తింటుండగా ఎవరో చూసి అక్కకు చేరవేశారు. అక్క నాకు కబురు పెట్టింది, ఇంటి పెద్దగా నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"మీరన్నా చెప్పండి మామా," అంది.

"వాన్ని అడిగేదేముంది?" అంది అక్క. "నేను కండ్లు మూసుకోని తినేది వాని ఇంట్లోనే. ఈ పొద్దు నుంచి నువ్వు వంటింట్లో అడుగు పెట్టొద్దు."

ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. గొంతులో ఆ రెండో ముక్క అడ్డం పడినట్టయింది. మింగాను.

"అక్క మాట వినమ్మా," అన్నాను.

ఆ పిల్ల నన్ను నమ్మి తల వంచింది. ఆ నమ్మకం నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

ఇప్పటికీ ఆ కోడలి కంచం వరండాలోనే. నేను వాళ్లింటికి పోతే అక్క వంటింట్లో పీట వేసి నెయ్యి పోసి వడ్డిస్తుంది. గుమ్మం అవతల గ్లాసు చప్పుడు వినిపిస్తుంటుంది. నిజం చెప్తే అక్క ఇక నైవేద్యం వండదు, ఆమెకున్న గౌరవమంతా అదే. అక్కను కాపాడుతున్నానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఈ అక్షరాలు రాస్తుంటే తెలుస్తోంది, కాపాడుకుంటున్నది ఆ పీటని.

ఆ పిల్ల తెలిసి, తన ఆకలికి తాను తింది. నేను తెలియని మనిషికి తినిపించాను. వరండాలో కూర్చోవాల్సింది నేను.

అక్కకు ఎప్పుడు చెప్తానో, అసలు చెప్తానో లేదో తెలియదు. మీకైతే చెప్పాను. గొంతు కొంచెం వదులైంది.