మేస్త్రి వచ్చాడా, వచ్చిందా?

కుంజలతా బెహరా. పెళ్ళయినా ఆ ఇంటిపేరును ఆవిడ మార్చుకోలేదు. 1948 వేసవిలో, నూజివీడులో భాస్కరరావుగారి మామిడికాయల కమీషన్ కొట్టుకు రసాల బుట్ట కోసం వెళ్ళినప్పుడు ఆవిడను మొదటిసారి చూశాను. బుట్టల్లో వరిగడ్డి పరుస్తున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి, నన్ను చూసి లోపలికి కేక వేశారు.

"పంతులమ్మ వచ్చాడు! మంచి కాయ తియ్యండి!"

నేను అప్పుడు బాలికల పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. తప్పు విని ఊరుకోవడం నా స్వభావం కాదు.

"వచ్చాడు కాదమ్మా, వచ్చారు."

"మరి తులసమ్మ?" అంటూ పక్కన గడ్డి దులుపుతున్న పెద్దావిడను చూపించారు.

"తులసమ్మ వచ్చింది."

షెడ్డులోకి మూతి పెట్టి గడ్డి లాగుతున్న ఆవును చూపించారు. "అదో?"

"ఆవు వచ్చింది."

"అయితే తులసమ్మా, ఆవూ ఒకటేనా పంతులమ్మగారూ?"

తులసమ్మ పకపకా నవ్వి, "ఒకటెట్టా అవుతామే అమ్మాయ్? ఆవునైతే కూచోబెట్టి మేపుతారు!" అన్నారు.

తెలుగులో స్త్రీవాచకం ఏకవచనంలో పశుపక్ష్యాదులతో చేరుతుందన్న నియమాన్ని నేను ఏటా బోధించేదాన్ని. ఇంత సూటిగా ప్రశ్న వేసిన విద్యార్థిని మాత్రం అంతవరకు తారసపడలేదు. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. వచ్చారు.

ఆవిడ పుట్టింది కటకం దగ్గర పల్లెలో. చిన్నతనంలోనే కలకత్తా చేరి, అక్కడి చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే మారెక్ అనే చెకొస్లొవేకియా ఇంజనీరు ఇంట్లో ఆయాగా కుదిరారు. ఆ ఇంటి పిల్లలను ఆడిస్తూ వాళ్ళ చెక్ భాష పట్టుకున్నారు. నూజివీడు కాయలను వ్యాగన్లలో కలకత్తాకు తీసుకువెళ్ళే బసవపున్నారావుగారు అక్కడే ఆవిడను పెళ్ళాడి, యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డాక ఇక్కడికి తెచ్చారు. ఆయన భాస్కరరావుగారి కొట్టులో బుట్టలు కట్టించే మేస్త్రి. మేము కలిసిన ఏటికి ముందటి చలికాలంలో జ్వరంతో పోయారు. ఆ వేసవి పనంతా ఆవిడే నడిపించారు, కాని ఎవరూ మేస్త్రి అని పిలవలేదు. షెడ్డు పక్క గది మేస్త్రిది. ఆ పని వేరొకరికి పోతే గదీ పోతుంది. కుంజలతగారికి ఈ ఊళ్ళో మరో నీడ లేదు.

మా వసారాలో కూర్చుని ఆవిడ మాటలు చెప్పేవారు, నేను విభజించేదాన్ని.

"ఆ ఇంటికొచ్చిన వాళ్ళందరూ దొరను 'పానె, పానె' అనేవారండీ. మా ఒడియాలో పాన అంటే తమలపాకు. పాపం, తాంబూలం అడుగుతున్నారనుకుని పళ్ళెంలో పెట్టి ఇచ్చా. ఒకాయన సున్నం విడిగా నాకి నోరు పొక్కించుకున్నాడు!"

"ఇంతకీ పానె అంటే?"

"అయ్యా అని పిలవడం."

"సంబోధన ప్రథమా విభక్తి!" అని నేను సంతోషించాను. ఇంకా అడిగితే, మన విభక్తుల మాదిరిగానే చెక్‌లోనూ నామవాచకాల తుదలు మారుతాయని తేలింది. పానె, పాన చుట్టాలేనని ఆవిడ వాదించారు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదని తోసిపుచ్చాను. రెండుకు చెక్‌లో ద్వా, ఒడియాలో దుయి, నువ్వుకు తి, తు, వీటిని అంగీకరించాను. పగటిని చెక్‌వారు దెన్ అని హల్లుతో తెంచేస్తే, ఒడియావారు దినొ అని మనలాగే అచ్చుతో ముగిస్తారు.

"మరి 'ఉండేవాడు' అనడానికి?" అని అడిగాను.

"చెక్‌లో మగవాడికి బిల్, ఆడదానికి బిలా, దూడకి బిలో. మా ఒడియాలో ముగ్గురికీ థిలా. మేమంతా ఒకే చాప మీద కూచుంటాం. వాళ్ళది ఎవరి కుర్చీ వాళ్ళకి. మీ తెలుగువాళ్ళే ఆడదాన్ని తీసుకెళ్ళి దూడ పక్కన కట్టేశారు."

"బహువచనంలో మగవారితోనే కూర్చోబెట్టామమ్మా. 'వాళ్ళు వచ్చారు' అంటాం కదా?"

"అంటే ఆడది ఒక్కతే అయితేనే దూడా?"

అంతవరకు పొరపాటుగా వచ్చిన 'వచ్చాడు' ఆ రోజు నుంచి పట్టుదలైంది. ఎవరు నవ్వినా, తులసమ్మ వచ్చాడనే అనేవారు.

మరుసటి ఏడు కోతలకు ముందు, మేస్త్రి ఎవరో తేల్చడానికి భాస్కరరావుగారు పనివాళ్ళందరినీ షెడ్డులో కూర్చోబెట్టారు. ఆయన అమ్మాయిలకు చదువు చెప్పేదాన్ని కనుక నన్నూ పిలిపించారు. ఆ పని మీద ఆశ ఉన్న వీరయ్య ముందుగా లేచాడు.

"మేస్త్రి వచ్చాడంటే వినడానికి బాగుంటది. మేస్త్రి వచ్చిందంటే జనం నవ్వరాండీ? పైగా పొద్దున్నే విధవ మొహం చూసి బండి కడితే, కాయ స్టేషనుకి చేరకుండానే కుళ్ళిపోద్ది."

కుంజలతగారు చేతిలోని గడ్డి కింద పెట్టలేదు.

"దొరసాని తల్లిని వాళ్ళు వ్దోవా అనేవారు. ఇంటి తాళాలన్నీ ఆవిడ నడుముకే ఉండేవి. మా అమ్మను బిధొబా అన్నారు. నువ్వు విధవ అన్నావు. మూడు భాషల్లోనూ పోయింది మొగుడే వీరయ్యా! చేతులు పోయినట్టు ఏ భాషలోనూ లేదు. కిందటేడు నేను కట్టించిన బుట్టల్లో కుళ్ళు కాయని ఎవరైనా తిప్పి పంపారా? చెప్పు."

భాస్కరరావుగారు నా వైపు తిరిగారు.

"పంతులమ్మగారూ, వ్యాకరణం ప్రకారం ఏమనాలండీ?"

"మేస్త్రి వచ్చారు అనాలండీ. మగవారికీ చెల్లుతుంది, ఆడవారికీ చెల్లుతుంది."

"అంటే ఈవిడకి మేం మర్యాద కూడా ఇవ్వాలా?" అన్నాడు వీరయ్య.

"ఇస్తే నీ సొమ్మేం పోద్దిరా?" అంటూ తులసమ్మ లేచి నిలబడ్డారు. "మేస్త్రిగారొచ్చారు. లే, గడ్డి అందుకో!"

ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు లేచారు. ఆ తరువాత మగవాళ్ళు. చివరికి వీరయ్యా లేచాడు. "గది మీ దగ్గరే ఉంచుకోండి," అన్నారు భాస్కరరావుగారు, మొదటిసారిగా ఆవిడను మీరు అని.

ఆ వేసవి చివర నాకు బందరు బదిలీ అయింది. సెలవు తీసుకోవడానికి షెడ్డుకు వెళ్ళాను. గది తలుపు మీద మేస్త్రి పేరు ఉండడం ఆ కొట్టు ఆనవాయితీ. ఆవిడ నల్లరంగు డబ్బా, కుంచె నా చేతికిచ్చారు. కుంజలతా బెహరా అని రాసి ఆగాను. ఉపాధ్యాయుడికి ఉపాధ్యాయురాలు ఉంది. మేస్త్రికి స్త్రీలింగ రూపం ఏమిటా అని ఆలోచిస్తున్నానని చెప్పాను.

"దొర ఇంటిపేరు మారెక్. దొరసానికి అదే మార్కొవా. ఆడదనేసరికి అక్కడా ఒక తోక తగిలించారండీ," అన్నారు. "మీరు మాత్రం తగిలించకండి. మేస్త్రి అనే రాయండి, ఆ మాటలో స్త్రి ఎలాగూ ఉంది. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యండి, రోడ్డు మీద బండి తోలుకొచ్చేవాడికి కనబడాలి."