తాబేలు వెలిగింది

నాలుగేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఒక మనిషితో అన్న మాట. అది అబద్ధం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా కూడా పక్కన ఏదో ఒక సాకును కూర్చోబెట్టుకునే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా మొహం మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

పేరు అడక్కండి. మాది అద్దంకి. గుంటూరులో ఒక కార్ల షోరూములో అమ్మకాలు చూస్తాను. దీని నోటికి అడ్డూ అదుపూ లేదని చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది. ఆ నోరే తర్వాత నాకు అన్నం పెట్టింది. ఎండకు తాళలేక, కాసేపు ఏసీలో కూర్చుని పోదామని వచ్చినవాళ్ళ చేత కూడా కారు కొనిపించిందని మా మేనేజరు అందరి ముందూ మెచ్చుకునేవాడు. నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ ఏడు మా దగ్గరికి కరెంటుతో నడిచే స్పోర్ట్స్ కారు ఒకటి కొత్తగా వచ్చింది. రెండే తలుపులు, నేలను ఆనుకున్నట్టుండే ఒళ్ళు, పండుమిరప రంగు. తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయేది. దాన్ని ఎలా అమ్మాలో నేర్పడానికి వచ్చినాయన, అంతా అయిపోయి బ్యాగు సర్దుకుంటూ, ఒక సంగతి చెప్పాడు. మండే ఎండలో ఆగకుండా జోరుగా నడిపితే బ్యాటరీ వేడెక్కుతుందట. దాన్ని కాపాడుకోవడానికి కారు తన బలాన్ని తానే తగ్గించుకుంటుందట. అప్పుడు చివరిదాకా తొక్కినా పరుగెత్తదు. స్టీరింగు వెనకున్న తెర మీద చిన్న తాబేలు బొమ్మ వెలుగుతుంది. ఎవరైనా అడిగితే చెప్పండి, అడక్కపోతే అక్కర్లేదు, అన్నాడు. ఉందనే తెలియనిదాన్ని గురించి ఎవరడుగుతారు? అయినా అందరం తలూపాం.

ఆ తాబేలును నేను చూశాను కూడా. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, చిలకలూరిపేటలో ఒకాయనకు కారు చూపించి ఒక్కదాన్నే తిరిగొస్తున్నాను. దారి ఖాళీగా ఉంది. సరదా పుట్టి తొక్కాను. కారు కదిలింది గాని నేను తొక్కినందుకు కదిలినట్టు లేదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు కదిలినట్టుంది. ఆ క్షణంలో నాకు కారు మీద అనుమానం రాలేదు. నా కాలి మీద వచ్చింది. అది పెడలు మీదే ఉందా, జారిపోయిందా అని వంగి చూసుకున్నాను. తలెత్తేసరికి తెర మీద పసుపు రంగు తాబేలు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తాబేలు సంగతి ముందే తెలిసిన నేను కూడా మొదట నా కాలినే అనుమానించాను.

మర్నాటి నుంచి ఆ కారు ట్రయల్ డ్రైవులన్నీ తెల్లవారగానే పెట్టాను. ఇది ఎవరూ నేర్పింది కాదు, నా సొంత తెలివి. ముహూర్తాలు చూసుకునేవాళ్ళకు రాహుకాలం రాకముందే కానిచ్చేద్దాం అనేదాన్ని. నమాజు చేసుకునేవాళ్ళకు ఫజర్ నమాజు కాగానే అటు నుంచి అటే వచ్చెయ్యండి అనేదాన్ని. ఏ పట్టింపూ లేనివాళ్ళకు ట్రాఫిక్ ఉండదని చెప్పేదాన్ని. ఎవరికి తగ్గ కారణం వారికి. పొద్దుటి చల్లగాలిలో ఆ కారు ఎగిరినట్టు పోయేది. కొందరు నా భక్తిని కూడా మెచ్చుకున్నారు. నేను వద్దనలేదు.

సుభానీ గారు కూడా అలా తెల్లవారుజామున వచ్చినవారే. పర్చూరు ఆయనది. ఊళ్ళ వెంట తిరిగి ఎండుమిర్చి కొని గుంటూరు యార్డుకు తోలే వ్యాపారం. చిన్నప్పటి నుంచి ఇలాంటి కారు మీద మనసు. తీరా ఆయనకు డ్రైవింగు అంతంత మాత్రం. నడిపేది తమ్ముడు బాజీ. మీసాలు సరిగా రాకముందే లారీ ఎక్కినవాడట. ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా స్టీరింగు దగ్గర బాజీ ఉంటే చాలు, బండి కదలగానే నిద్రపోతారని సుభానీ గారు చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో కారును చూసినప్పటి కంటే ఎక్కువ మురిపెం కనిపించింది. బాజీ సిగ్గుపడి, శుభ్రంగానే ఉన్న కారు అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

ట్రయల్ అయింది. బాజీ మొహం వెలిగిపోతోంది. కాయితాల దగ్గర కూర్చున్నాక సుభానీ గారు ఒక్కటే అడిగారు. దారిలో ట్రాక్టరో లారీయో అడ్డమొచ్చి, దాన్ని దాటాల్సివస్తే, ఇది మాట వింటుందా అని.

చూశారా, ఆయన అడిగారు. అడిగితే చెప్పమన్నారు కదా. నేను చెప్పాల్సిన చోటు అదే. నాకు ఆ తాబేలు గుర్తుకొచ్చింది కూడా. గుర్తుకు రాలేదని ఇన్నాళ్ళూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను గాని, వచ్చింది. నేను నవ్వాను.

"మీ తమ్ముడి కాలు ఏం చెబితే అది వింటుందండీ," అన్నాను.

అన్నదమ్ములిద్దరూ పొంగిపోయారు. సుభానీ గారు ఆ మాటను ఊళ్ళో కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నారని తర్వాత తెలిసింది.

రోహిణీ కార్తెలో జరిగింది. మిట్టమధ్యాహ్నం. అద్దంకిలో పని చూసుకుని ఇద్దరూ ఇంటికి తిరిగొస్తున్నారు. సుభానీ గారికి ఏదో తొందర ఉండి దారంతా జోరుగానే వచ్చారు. ముందు మిర్చి బస్తాలు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు పోతోంది. ఎదురుగా బాగా దూరంలో లారీ. బాజీ లాంటివాడికి అది లెక్కలోది కాదు. దాటడానికి కుడికి వచ్చి తొక్కాడు. కారు ముందుకు రాలేదు. ట్రాక్టరు పక్కనే ఉండిపోయింది. తొక్కరా, తొక్కరా అని అన్న అరుస్తున్నాడు. వెనక్కి తగ్గే వ్యవధి కూడా లేక బాజీ కారును కుడివైపు చేలోకి దించేశాడు. పత్తి మోళ్ళ మీద అది పల్టీ కొట్టింది.

బాజీ గీతలతో బయటపడ్డాడు. బయటికి విసిరేసినట్టు పడ్డ సుభానీ గారి కుడిచెయ్యి కారు కింద పడి నలిగిపోయింది. కాయను వేళ్ళతో తుంచి చూసి సరుకులో తేమ ఎంతుందో చెప్పగల చెయ్యి అది. దాన్ని తీసెయ్యకుండా డాక్టర్లు కాపాడారు గాని ఇప్పటికీ ఆ వేళ్ళు ముడుచుకోవు.

షోరూముకు ఫోనొచ్చినప్పుడు నేను కాఫీ తాగుతున్నాను. ఏ టైములో జరిగిందని అడిగాను. దెబ్బలు ఎంతని కాదు, ఎవరికని కాదు. నా నోట్లోంచి మొదట వచ్చిన ప్రశ్న ఇదీ. ఇలాంటిదాన్నా నేను? అవును, ఇలాంటిదాన్నే.

పళ్ళు తీసుకుని చీరాల ఆసుపత్రికి వెళ్ళాను. షోరూము తరఫున ఎవరో ఒకరు వెళ్ళాలి, అమ్మింది నేను. సుభానీ గారు మందుల మత్తులో ఉన్నారు. బయట వరండాలో బాజీ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆశగా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక్క మాట చెప్పండి. తాబేలు బొమ్మ లాంటిది వెలిగిందండి. పసుప్పచ్చగా. నేను తొక్కుతానే ఉన్నా, అది వెలుగుతానే ఉంది. అన్న నమ్మట్లేదు. భయపడి కాలు తీసేశావంటున్నాడు. ఆ కారులో అలాంటి బొమ్మ ఉందా మేడం?"

చూశాడు. లారీ మీదికి వస్తుంటే, అన్న అరుస్తుంటే, ఆ గందరగోళంలో కూడా ఆ చిన్న బొమ్మను చూశాడు. అంత మంచి డ్రైవరు అతను. నేను ఒక్క 'ఊఁ' అంటే చాలు. వరండా చివర సుభానీ గారి భార్య బెంచీ మీద కూర్చుని మా వైపే చూస్తోంది. ఉద్యోగం పోతుందనుకున్నాను. కేసులో ఇరుక్కుంటాననుకున్నాను. వీటన్నిటి కంటే ముందు నేను అనుకున్నది ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పడానికే సిగ్గుగా ఉంది. మర్నాడు పొద్దున్న ఇంకొకాయనకు ఆ కారు ట్రయల్ ఉంది. అది చెడిపోతుందేమో అనుకున్నాను.

"లేదండీ. ఆ కారులో అలాంటి బొమ్మేమీ లేదు," అన్నాను.

"లేదా?"

"లేదు."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత తల దించుకుని తన కుడికాలి వైపు చూసుకున్నాడు. నేను పళ్ళ సంచి బెంచీ మీద పెట్టి వచ్చేశాను.

ఈ రోజుల్లో ఫోను తీసి వెతికితే దొరికిపోయే సంగతి కదా అని మీరు అడగొచ్చు. నేనూ నెలల తరబడి ఎదురుచూశాను, ఎవరో ఒకరు వెతుకుతారని, షోరూము మీదికి వస్తారని. ఎవరూ వెతకలేదు. వెతకాల్సిన అవసరం వాళ్ళకు కనిపించలేదు, ఎందుకంటే అమ్మిన మనిషినే అడిగారు, ఆవిడే లేదంది. కారును ఇన్సూరెన్సువాళ్ళు తుక్కు కింద తీసుకుపోయారు. మిగిలిన పని నేను ముందన్న మాట చేసిపెట్టింది. కాలు ఏం చెబితే అది వినే కారు వినలేదంటే, కాలు చెప్పలేదనేగా? సుభానీ గారు తమ్ముణ్ణి తిట్టలేదట. కొట్టలేదట. ఇంకో డ్రైవరును పెట్టుకున్నారు, అంతే. ఆ ఇంట్లో బాజీకి తాళాలు ఇవ్వడం మానేశారు.

నాకు మాత్రం ప్రమోషను వచ్చింది. కొత్తగా చేరే పిల్లలకు అమ్మకం నేర్పేది ఇప్పుడు నేనే. తెల్లవారుజామున ట్రయల్ పెట్టడం మా షోరూములో పద్ధతి అయిపోయింది. అడిగితే చెప్పండి, అడక్కపోతే అక్కర్లేదు, అని వాళ్ళకు చెబుతున్నది నా గొంతే. ఒకటి రెండుసార్లు ఆ మాట అంటూ ఆగిపోయాను. పిల్లలు నేనేదో మర్చిపోయాననుకుని ఎదురుచూశారు. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

ఈ మధ్య చీరాలలో పెళ్ళి చీరలు కొని బస్సులో గుంటూరు తిరిగొస్తున్నాను. రెండు వరసల ముందు, అవతలి పక్క సీటులో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతని తలలో తెల్ల వెంట్రుకలు చూసి మొదట పోల్చుకోలేదు. నేను చూసింది అతని కాలిని. బస్సు దేన్నయినా దాటబోయినప్పుడల్లా అతని కుడికాలు బస్సు నేలను బలంగా నొక్కుతోంది. దాటేశాక వదులవుతోంది. మళ్ళీ ఏదో అడ్డం రాగానే మళ్ళీ నొక్కుతోంది. పక్కవాడు చూసి నవ్వుకుంటున్నాడు. అతనికి మాత్రం తెలియడం లేదు.

అతనే నన్ను చూశాడు. నా పక్క సీటు ఖాళీ కాగానే వచ్చి, కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని నిలబడి పలకరించాడు. వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో పని చేస్తున్నాడట, తూకాల దగ్గర. రోజూ బస్సులోనే వెళ్ళి వస్తాడట. బండి నడపడం లేదా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. లేదన్నట్టు తలూపి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ రోజు మిమ్మల్ని తాబేలూ అదీ ఇదీ అని ఏదేదో అడిగానండి, ఏమనుకోమాకండి. అదేం లేదు. భయంలో నాకే కనపడింది. కాలు తీసేశాను మేడం, నేనే తీసేశాను. పోయినేడు రంజాన్‌కి అన్న కాళ్ళు పట్టుకుని ఒప్పుకున్నా. అప్పట్నించి కాస్త నిద్ర పడతంది."

నేను అతని దగ్గర్నుంచి డ్రైవింగు తీసేసుకున్నానని అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కాదు. అతని కళ్ళు చూసినదాన్ని తీసేసుకున్నాను. చెయ్యని తప్పును ఒప్పుకుని, దానికి క్షమాపణ కూడా అడిగి, ఆ మనిషి నిద్రపోతున్నాడు. చేసిన నేను ఎదురుగా కూర్చుని, ఒళ్ళో చీరల సంచి సర్దుకుంటున్నాను. ఇది నిజంగా జరుగుతోందా అని కిటికీలోంచి బయటికి చూశాను. జరుగుతోంది. పర్చూరు వచ్చేసింది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. వెళ్ళొస్తానండి అని దిగిపోయాడు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. అన్నదమ్ములు ఎలాగో ఒకలా సర్దుకున్నారు, అతనికి నిద్ర పడుతోంది, ఇప్పుడు నేను వెళ్ళి చెబితే దాన్ని చెడగొట్టినదాన్నవుతానా? ఈ ప్రశ్న నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎంత మంచితనం ఉంది ఇందులో. చాలా రోజులు దీన్ని పట్టుకునే హాయిగా తిరిగాను. నిన్న షోరూములో ఒక కొత్త అమ్మాయి ఫోనులో ఎవరికో, రాహుకాలం రాకముందే వచ్చెయ్యండి అని తియ్యగా చెబుతుంటే విన్నాను. అది నేను నేర్పినదే. ఎవరికి తగ్గ కారణం వారికి. ఈ ప్రశ్న కూడా అలాంటిదే, నాకు తగ్గట్టు నేను కుట్టుకున్నది.

వెళ్ళి చెబుతానా? మీకు మాట ఇవ్వలేను. నా మాటల విలువెంతో మీకిప్పుడు తెలుసు. మీరు నన్ను తిట్టుకున్నా సరే, జాలిపడొద్దు. ఇంతవరకూ రాసేసరికి గుండెల మీద బరువు కొంచెం జరిగింది. తగ్గలేదు, జరిగింది. ఆ పాటి ఊరటకైనా నాకు అర్హత ఉందో లేదో తెలియదు.

ఆ వరండాలో అతను అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఉందండీ బాజీ గారూ. ఆ కారులో తాబేలు బొమ్మ ఉంది. ఎండకు వెలుగుతుంది. ఆ మధ్యాహ్నం వెలిగింది. మీరు కాలు తియ్యలేదు.