లాయరమ్మ నోట వచ్చిన మాట

దెయ్యాలని నేను నమ్మను. కొండల్లో పుట్టింది కదా, ఇలాంటివన్నీ నమ్ముతుందిలే అని కిందోళ్లు అనుకుంటారు. మాకు పెద్దలున్నారు, పండక్కి వాళ్లకి ఇంత పెట్టుకుంటాం. అది వేరు. చచ్చినోడొచ్చి మాటాడేడని ఎవరైనా అంటే, తాగినావేటిరా అని నవ్వేది నేనే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా ఆడపడుచు రాస్తంది. కోర్టులో అది జరిగిన రోజు తనూ అక్కడే ఉంది. నేను తప్పు చెప్తే ఆపుతుంది.

మాది అనంతగిరి పక్క ఊరు. మా ఆయన కాఫీ తోటల్లో మిరియాలు కోసేవాడు. మిరియం తీగ సిల్వరోక్ చెట్టు పట్టుకుని పైకి పోతుంది, కోసే మనిషీ దాని వెంట పోవాల. నిచ్చెన జారింది. తొడ ఎముక విరిగింది. కిందికి పట్నంలో ప్రైవేటాసుపత్రికి తీసుకెళ్లాం. కాలే కదా, ఏం కాదన్నారు. మాతో నవ్వుతా లోపలికెళ్లిన మనిషి, మీద గుడ్డ కప్పించుకుని బయటికొచ్చాడు.

పోయింది నా వల్లేనని ఆసుపత్రోళ్లు అన్నారు. ఆపరేషనుకి ముందు ఏమీ పెట్టొద్దంటే నేను చాటుగా అంబలి తాగించానంట. మత్తిచ్చాక అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయిందంట. సొరకాయ బుర్రలో అంబలి తీసుకెళ్లిన మాట నిజం. తాగించలేదు. కానీ నా చేతిలో బుర్ర అందరూ చూశారు.

ఆ మాట శవం కంటే బేగి కొండెక్కింది. మా అత్త నా మొహాన్నే అంది, "నా కొడుక్కి నువ్వే తాగించి సంపేసినావు" అని. ఆరోజు నించి నేను పెట్టింది ముట్టలేదు. ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టాం. నేను గంజి పోస్తే కోళ్లకి పారబోసేది. డబ్బు కోసం కేసు వెయ్యలేదు నేను. మా అత్త నా చేతి గంజి తాగాలని వేశాను.

లాయరమ్మ విశాఖపట్నం మనిషి. విరిగిన కాళ్లూ చేతులూ, ఆసుపత్రుల్లో పోయినోళ్లూ, ఇవే ఆవిడ కేసులు. ఇంకోటి ముట్టదు. ఘాట్ రోడ్డులో జీపు పడితే చీర పైకి దోపి లోయలోకి దిగి చూసొచ్చేదంట. ఈ పని మొదలెట్టినప్పుడు, ఆడదానివి నీకీ రక్తం కేసులేటని తోటి లాయర్లు ఎగతాళి చేశారంట. జుట్టు నెరిసింది, ఆ పనే చేస్తంది. నేను ఏడుస్తుంటే, "ఏడుపు తర్వాతమ్మా, ముందు జరిగింది చెప్పు" అంది. మనిషి చచ్చిన చోటు చూడకుండా వాదించదు. కోర్టు నించి అనుమతి తెచ్చుకుని ఆ ఆపరేషన్ గది చూడ్డానికి బయల్దేరింది.

మాలో ఒక పద్ధతుంది. ఊరు కాని ఊళ్లో పోయినోణ్ణి పోయిన చోటే పేరు పెట్టి పిలిచి, అక్కడి చిన్న రాయి ఒకటి తీసుకుని, ఎక్కడా కింద పెట్టకుండా ఇంటికి తేవాల. అప్పుడే పెద్దల్లో కలుస్తాడు. నన్ను ఆసుపత్రి గేటు దాటనివ్వడం లేదు. సిగ్గు విడిచి లాయరమ్మనే అడిగాను. నవ్వింది. "ఎంతమందివో విరిగిన ఎముకల ఫొటోలు మోశాను, రాయి మొయ్యలేనా" అంది.

పిలిచింది, తెచ్చింది. ఆపరేషన్ గది తలుపు పక్క పూలకుండీలోని రాయి. నల్లకోటు జేబులో వేసుకుంది. గేటు బయట ఉన్న నా దగ్గరికొచ్చేసరికి ఫోనొచ్చింది, ఎక్కడో బస్సు పడిందని వెళ్లిపోయింది. తెచ్చినోళ్లు ఆ రోజే ఇంటివాళ్ల చేతిలో పెట్టాల. లేపోతే వాడు తెచ్చినోళ్ల దగ్గరే ఉండిపోతాడంటారు. పెద్ద మనిషిని వెనక్కి పిలిచి ఎలా అడుగుతాననుకుని ఊరుకున్నాను. కేసు రోజుకి కూడా ఆ రాయి ఆ కోటులోనే ఉంది.

పట్టపగలు. కోర్టులో ఫేన్లు తిరుగుతున్నాయి. మా అత్త, ఆడపడుచు, నేను వెనక బెంచీ మీద ఉన్నాం. మా ఆయనకి మత్తిచ్చిన డాక్టరు నిలబడి జవాబులు చెప్తున్నాడు. లాయరమ్మ కాగితాలు చూసి అడుగుతోంది, సగం ఇంగ్లీషు, సగం తెలుగు.

అడుగుతా అడుగుతా ఆగిపోయింది. కాగితాలు కింద పెట్టింది. ఒంటి బరువంతా ఒక్క కాలి మీదే వేసి నిలబడింది, రెండోది పని చెయ్యనట్టు.

"ఊపిరి పైపు ఊడిపోనాది సారూ. నువ్వు ఫోను మాటాడతన్నావు. నాను కాలితో బల్లని తన్నినాను. ఎందుకు సూడనేదు?"

గొంతు ఆవిడదే. మాట ఆవిడది కాదు. మా ఆడపడుచు గోళ్లు నా చేతిలో దిగాయి.

డాక్టరు మొహంలో రక్తం లేదు. "కాలు కదిలింది... ఫిట్సేమో అనుకున్నాను... ఫోను పెట్టేసరికే..." అన్నాడు. వాళ్ల లాయరు గబుక్కున లేచి ఆపాడు. కాలు కదిలిందన్న మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. వాళ్లూ చెప్పలేదు, మాకూ తెలీదు.

లాయరమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. మా అత్తకేసి చూసింది.

"అమ్మా, అది నాకు అంబలి పెట్టనేదే. అడిగినా పెట్టనేదు."

ఆయన అడిగాడు. స్ట్రెచరు మీద పడుకుని, ఒక్క గుక్కే అని నా కొంగు లాగాడు. నర్సమ్మ వద్దందని బుర్ర వెనక్కి పెట్టేశాను. అడిగాడని తెలిస్తే పెట్టకుండా ఉంటుందా అంటారని ఎవరికీ చెప్పలేదు. లాయరమ్మకీ చెప్పలేదు.

బయటికొచ్చాక లాయరమ్మని అడిగాను. "పైపు ఊడిందా అని అడిగానమ్మా, ఇన్నేళ్లలో అలాంటివి చాలా చూశాను, ఆ అనుమానం దానంతటదే వస్తుంది. మీ అత్తతో నేనేం మాట్లాడలేదే" అంది. అబద్ధమాడే మనిషి కాదు. రాయి అడిగితే నాలిక కరుచుకుని జేబులోంచి తీసిచ్చింది. దాన్ని పెద్దల దగ్గర కలిపేశాం. తర్వాత తీర్పు మా వైపే వచ్చింది.

లాయరమ్మ నోట ఆ మాటొచ్చిన రోజే కోర్టు మెట్ల మీద మా అత్త చెయ్యి చాపింది. "ఆకలేత్తంది, ఏటున్నాదే?" అంది. పెట్టాను. తింది. ఏడుస్తానే తింది.

ఇన్ని ఎలా జరిగాయో నాకిప్పటికీ తెలీదు. కానీ రాత్రీ పగలూ నన్ను తొలిచేది అది కాదు. అడిగినా పెట్టనేదు అన్నాడు. నా మీద పడ్డ నింద తుడవడానికి అన్నాడో, ఆకలితో పోయానే అని అన్నాడో. ఎవర్ని అడగను?